కడప కాస్తా కోడోపో అయింది

పదిహేనేళ్లుగా నేను తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేస్తున్నాను. బడి చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగినా, కంప్యూటరు ముందు కూర్చున్నాక చిన్నబడి డీ నొక్కితే ద, పెద్దబడి డీ నొక్కితే డ అన్న లెక్క రెండు రోజుల్లోనే పట్టుబడింది. పద్ధతిగా టైపింగు నేర్చినవాళ్లకు ఇది దొడ్డిదారి. నాకు మాత్రం రాజబాట.

ఈ మధ్య నాన్నగారి కోసం చేత్తో ఒక అర్జీ రాస్తూ, ‘సహకార సంఘం’ అన్న చోట ఘ ఎలా తిప్పాలో తోచక కలం ఆపేశాను. వేళ్లకు జీ, హెచ్ అన్న రెండు మీటలు గుర్తున్నాయి గానీ అక్షరం గుర్తులేదు. నాన్నగారే కళ్లజోడు పెట్టుకుని కాగితం మూలన దాన్ని రాసి చూపించారు. ఇంకా సిగ్గుచేటైన సంగతి ఏమిటంటే, క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం దొరికిన మన కడప జిల్లా కలమళ్ల పేరు ఎవరైనా ఎత్తితే, అందులోని ళ్ల నా కంటికి ఒక పెద్దబడి ఎల్, ఒక చిన్నబడి ఎల్‌గానే కనిపిస్తుంది.

అందుకే ఇన్‌స్క్రిప్టు అనే కీబోర్డు అమరిక నేర్చుకుందామని కూర్చున్నాను. 1986లో ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన ఆ అమరికలో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. అది నిజానికి మనం పలక మీద దిద్దిన పద్ధతే: క నొక్కితే తలకట్టుతో సహా క వస్తుంది, దాని వెనక మరో ‘అ’ తగిలించే పనిలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రతి హల్లు తరువాతా ఇంగ్లీషు ‘ఏ’ మీట కొట్టడం నా చిటికెన వేలికి అలవాటు. ఇన్‌స్క్రిప్టులో ఆ మీట మీద ఉన్నది ఓత్వం. ఊరి పేరు కొట్టబోతే తెర మీద ‘కోడోపో’ అని పడింది.

వెనక నిలబడి చూస్తున్న మా తమ్ముడు, “ఏందన్నా, బెంగాలీ ఏమన్నా నేర్చుకుంటాండావా?” అన్నాడు.

నెల గడిచింది. రోజూ పొద్దున అరగంట సాధన చేస్తున్నాను, తొందర పని పడితే మాత్రం పాత దారికే మళ్లుతున్నాను. అయితే ఇప్పుడు అదీ చెడింది: ‘ఏ’ మీటను మానుకోవాలని వేలిని అదుపులో పెట్టినందుకు, నిన్న పాత పద్ధతిలో ఊరి పేరు కొడితే ‘క్డ్ప్’ అని వచ్చింది.