టెంప్లేట్ తర్వాత వెతుకుదాం, ముందు జేడీ చదవండి

రెజ్యూమే రాయాలనుకోగానే చాలామంది అందమైన టెంప్లేట్ కోసం వెతకడం మొదలుపెడతారు. రంగులు, ఫాంట్లు చూసుకునేసరికే సగం సాయంత్రం అయిపోతుంది. ముందు తెరవాల్సింది జాబ్ డిస్క్రిప్షన్ (జేడీ), అంటే ఆ ఉద్యోగంలో పనేమిటో, ఏ అర్హతలు కావాలో కంపెనీ ఇచ్చే వివరణ. అందులో వాళ్లు అడిగినదానికి మీరిచ్చే జవాబే రెజ్యూమే. ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే ఎలా?

జేడీని రెండుసార్లు చదవండి, రెండోసారి పెన్ను పట్టుకుని. తప్పనిసరి అన్న అర్హతలు, బాధ్యతల్లో మొదటి మూడు నాలుగు, పదే పదే కనబడే మాటలు, వీటి కింద గీత గీయండి. మామూలుగా ఓ 6 నుంచి 8 అంశాలు తేలతాయి. వాటిలో మీరు నిజంగా చేసిన పనులు ఏవి, ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు అన్నది పక్కనే రాసుకోండి. సగానికి పైగా ఖాళీగా ఉంటే ఆ ఉద్యోగానికి రెజ్యూమే దిద్దే శ్రమ వేరేదానికి పెట్టడం మేలు.

జేడీలో ఏ మాట ఉందో మీరూ అదే వాడండి. వాళ్లు 'అకౌంట్స్ పేయబుల్' అన్నచోట మీరు 'వెండర్ పేమెంట్లు' అని రాస్తే, పని ఒకటే అయినా, ఆ మాటతో సెర్చ్ కొట్టిన రిక్రూటర్‌కు మీరు దొరకరు. పొట్టి పేర్లున్న వాటిని ఒకసారి పూర్తిగా, ఒకసారి పొట్టిగా రాయండి. అలాగని జేడీ మొత్తాన్ని తెల్ల అక్షరాలతో పేజీ అడుగున దాచే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, దాని జోలికి పోవద్దు. కంపెనీలో దరఖాస్తులు చదివే సాఫ్ట్‌వేర్ రంగులన్నీ తీసేసి ఉత్త టెక్స్ట్ చూపించగానే ఆ దొంగతనం బయటపడుతుంది.

ఇక అసలు పని అనుభవం కింద రాసే వాక్యాలది. ఎక్కువ రెజ్యూమేలు పడిపోయేది ఇక్కడే. ఒక వాక్యం చూడండి: 'కస్టమర్ సపోర్ట్ బాధ్యతలు నిర్వహించాను.' ఇందులో తప్పేమీ లేదు, కానీ ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఇదే రాయగలరు. ఇప్పుడు దీన్నే ఇలా మార్చి చూడండి: 'రోజుకు దాదాపు 60 ఫిర్యాదు మెయిళ్లు చూశాను, తరచూ వచ్చే 12 ప్రశ్నలకు నమూనా జవాబులు తయారుచేయడంతో మొదటి జవాబుకు పట్టే సమయం 9 గంటల నుంచి 3 గంటలకు తగ్గింది.' ఎంత పని, మీరు కొత్తగా ఏం చేశారు, దానివల్ల ఏం మారింది, మూడూ వచ్చేశాయి. ప్రతి వాక్యంలో మూడూ కుదరకపోవచ్చు, రెండైనా ఉండాలి.

'నా పనిలో అంకెలేం ఉంటాయి' అనేవాళ్లు లాభాల లెక్కలే అంకెలు అనుకుంటారు. వారానికి ఎన్ని రిపోర్టులు, ఎంతమంది టీమ్, ఎన్ని బ్రాంచీలు, పాత పద్ధతిలో ఎన్ని రోజులు పట్టేది, ఇవన్నీ అంకెలే. కచ్చితంగా గుర్తులేకపోతే 'దాదాపు' అని రాయండి, ఊహించి మాత్రం రాయొద్దు. ఒట్టి శాతాలు కూడా అనుమానమే: 10 ఆర్డర్లు 13 అయినా 30 శాతం పెరుగుదలే కదా! ఇప్పటి ఉద్యోగానికి 4 నుంచి 6 వాక్యాలు చాలు. పాతవాటికి రెండు మూడు, పదిహేనేళ్ల కిందటి దానికి ఒక్క లైను. తాజా ఉద్యోగం పైన ఉండాలి, ప్రతి ఉద్యోగంలో జేడీకి దగ్గరైన వాక్యం మొదట రావాలి.

పేరు కింద రాసే సారాంశం రెండు మూడు లైన్లు దాటనివ్వొద్దు. ఏ పని, ఎన్నేళ్లు, దేనిలో గట్టి, అంతే. 'కష్టపడే తత్వం', 'త్వరగా నేర్చుకుంటాను' లాంటివి కొట్టేయండి, అవి రాయనివాళ్లు లేరు. ఫ్రెషర్లయితే ప్రాజెక్టులనే అనుభవంలా రాయాలి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీ వంతేమిటో విడిగా చెప్పాలి. వాళ్లకు ఒక పేజీ సరిపోతుంది, అనుభవం బాగా ఉంటే రెండు.

ఇప్పుడు రూపం సంగతి. చాలా కంపెనీల్లో దరఖాస్తులు ముందు ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. అది ఫైల్లోని టెక్స్ట్‌ను లాగి పేరు, ఫోను, కంపెనీ, తేదీలుగా విడదీస్తుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే కొన్నిసార్లు ఎడమ లైనుకు కుడి లైను అతుక్కుని, కంపెనీ పేరు పక్కన 'ఎక్సెల్' వచ్చి కూర్చుంటుంది. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరును కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు చదవవు. నైపుణ్యాలకు చుక్కలు, గీతల గ్రాఫ్‌లు పెట్టడమూ దండగే; ఐదుకు నాలుగు చుక్కలంటే ఎవరికీ ఏమీ తెలియదు. పరీక్ష సులువు: పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరస చెదిరితే టెంప్లేట్ మార్చండి. అసలు సెలెక్టే కాకపోతే మీ పీడీఎఫ్ ఫొటో కిందే లెక్క. ఒకే కాలమ్, 10.5 లేదా 11 పాయింట్ల అక్షరం, చుట్టూ ముప్పావు అంగుళం ఖాళీ ఉంటే చాలు.

తేదీలు నెల, ఏడాదితో ఒకే తీరులో రాయండి. ఖాళీ కాలాన్ని కప్పిపెట్టడానికి నెలలు తీసేస్తే చూసేవాళ్లకు అదే ముందు కనబడుతుంది. 'కుటుంబ బాధ్యతలు' అనో 'చదువు' అనో ఒక్క లైను రాసి వదిలేయండి.

ఫైలు పేరు 'కొత్తది ఫైనల్ 3' అని కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరుతో ఉంచండి. పంపిన ప్రతిసారీ ఆ వెర్షన్‌ను, దాని జేడీ కాపీని ఒకే ఫోల్డర్‌లో దాచుకోండి. గడువు ముగిశాక ప్రకటన సైట్ నుంచి తీసేస్తారు, ఇంటర్వ్యూ ఫోనేమో మూడు వారాలకు వస్తుంది.