గడ్డి మీద టైరు చాళ్లు

గేటు ముందు రోడ్డు పక్కనున్న గడ్డి మీద వానాకాలమంతా కార్లు ఎక్కించి నిలిపారు. చివరికి మిగిలినవి రెండు చాళ్లు. తడిస్తే బురద, ఎండితే ఇటుక.

ముందు తెలివితక్కువగా చాళ్లలో కొత్త మట్టి పోసి గింజలు చల్లాను. మొలిచాయి, పసుపెక్కాయి, పోయాయి. అడుగున నేల అణిగిపోయి ఉంటే వేరుకు గాలి అందదు, నీరు దిగదు. ఈసారి గడ్డపారతో ఆరంగుళాల లోతుకు గుచ్చి కదిలించాను. మట్టి పలక ముక్కల్లా పెళ్లలుగా లేచింది. ఒక్క వానపామైనా కనిపించలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది. పెళ్లలు చిదిపి, మాగిన ఎరువు కలిపి, పక్కన బతికున్న గరిక తీగలను కణుపులతో సహా తెంచి నాటాను. గరిక విషయంలో నాకు గింజ కంటే కణుపు మీదే నమ్మకం. నేలకు ఆనిన చోటల్లా వేళ్లు దించుతుంది.

మూడో వారానికి ఒక తీగ చాలు దాటి అవతలి అంచును అందుకుంది. ఆ సాయంత్రమే ఒక కారు వెనక్కి వస్తూ సరిగ్గా అక్కడ ఆగింది. గట్టిగా దగ్గాను. ఆయన అద్దం దించి, "అయ్యో, ఇక్కడ గడ్డి ఉందాండీ?" అన్నారు.

రాళ్లు పెడితే చీకట్లో ఎవరైనా తట్టుకుని పడతారు. ప్రస్తుతానికి రెండు కర్రలు పాతి, మధ్యన ఎర్ర గుడ్డ కట్టాను.