గుణదల మెట్ల మీద అమ్మ జపమాల

బెజవాడ గుణదల కొండ మీది మేరీమాత దగ్గరికి వెళ్లి వచ్చి మూడు రోజులే అయింది. అమ్మ కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు, నా చీర అంచుకి అంటిన కొవ్వొత్తి మైనం కూడా పోలేదు. మనసులో ఉన్నది ఉన్నట్టుగా ఉండగానే రాసుకుందామని కూర్చున్నాను.

మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇంట్లో గుణదల మాటే. మీటర్ గేజ్ బండిలో గుంటూరు, అక్కడ బండి మారి బెజవాడ. నానమ్మ పులిహోర మూట ఒళ్లో పెట్టుకుని, 1924లో ఆర్లాటి సాములోరు ఆ కొండ మీద లూర్దు మాత స్వరూపాన్ని పెట్టిన సంగతి దారి పొడవునా చెప్పేది. ఏటా అదే కథ, ఏటా కొత్తగానే వినేవాళ్లం. 9, 10, 11 మూడు రోజులూ కొండ కిందే చాప వేసుకుని పడుకునేవాళ్లం. రాత్రిళ్లు మంచు కురిసేది. ముగ్గురు పిల్లలకీ ఒకటే దుప్పటి. నేను మధ్యలో, ఆ పక్కన అన్నయ్య, ఈ పక్కన తమ్ముడు. తెల్లారేసరికి దుప్పటి అన్నయ్య మీద ఉండేది కాదు, మా ఇద్దరి మీదే ఉండేది.

ఇంట్లో అయితే రోజూ దీపాలు పెట్టాక జపమాల. నాన్న ముందు చెప్పేవాడు, మేం వెనక అందుకునేవాళ్లం. జపమాలలో రహస్యాలని పిలిచే ఐదు భాగాల్లో మూడో రహస్యం వచ్చేసరికి తమ్ముడు జోగేవాడు, నానమ్మ వాడి తొడ మీద మెల్లగా గిల్లేది. ఆఖరి మంగళవార్త జపం అయ్యాకే కంచాలు. ఆ రోజుల్లో అన్నీ మంచివే అని నేను అనను. కంచంలో అన్నం చాలని రాత్రులు ఉన్నాయి, నాన్న కోపానికి మేం వణికిన రాత్రులూ ఉన్నాయి. కానీ పొద్దున ఎంత గొడవ పడ్డా సాయంత్రం అందరం ఒకే చాప మీద మోకరించాల్సిందే. పక్కన మోకరించిన మనిషి మీద పగ పట్టుకుని ఎంతసేపని ఉంటాం?

నాన్న పోయాక ఆ చాప చుట్టేశాం. ఆ తర్వాతే పొలం పంపకాల్లో ఇరవై సెంట్ల దగ్గర మాట పెరిగింది. అన్నయ్యా తమ్ముడూ నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. క్రిస్మస్ పూజకి ఒకే గుడికి వచ్చేవారు, ఒకడు ఈ వరసలో, ఒకడు ఆ వరసలో. మధ్యలో అమ్మ ఎటు కూర్చోవాలో తెలియక వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ గోడ దగ్గర అమ్మని చూసి నేను ఏడ్చిన రోజులున్నాయి.

పోయిన వానాకాలంలో అమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో అన్నయ్య పగలు ఉంటే తమ్ముడు రాత్రి ఉండేవాడు, ఒకరికొకరు ఎదురుపడకుండా. అప్పుడే అమ్మ మొక్కుకుంది, లేచి నడిస్తే కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని మాత దగ్గరికి వస్తానని. "వాళ్లు రాకపోతే?" అన్నాను. "బలిపీఠం ముందు కానుక పెట్టబోయే ముందు అన్నదమ్ముడితో సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు. వాళ్లు రాకపోతే నేను కానుక ఎలా పెడతానే?" అంది.

ఇద్దరూ వచ్చారు. వేర్వేరు కార్లలో.

11వ తేదీ పొద్దున కొండ దగ్గర జనాన్ని చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇసుక వేస్తే రాలదంటారే, అలా ఉంది. కొబ్బరికాయల వాళ్లు, తలనీలాలు ఇచ్చి వస్తున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు. వాళ్లందరిదీ భక్తే, కాదనను. కానీ చేతికర్ర పట్టుకున్న ముసలావిడని మోచేత్తో నెట్టి ముందుకెళ్లి ఏం వరం అడుగుతారు? మెట్టుకో ఫోన్ పైకి లేస్తోంది. అన్నయ్య అమ్మ కుడి చెయ్యి పట్టుకున్నాడు, తమ్ముడు ఎడమ చెయ్యి. ఇద్దరూ ఎదుటివాడి మొహం చూడకుండా మెట్లే చూస్తున్నారు.

సగం మెట్లెక్కామో లేదో, వెనక నుంచి ఒక్క తోపు. అమ్మ పడలేదు గానీ చేతిలో జపమాల తెగిపోయింది. అది నానమ్మది. నల్లగా నున్నగా అరిగిన గింజలు, ఒక గింజ పోతే దాని చోట నాన్న దారంతో ముడి వేసి పెట్టాడు. గింజలన్నీ జలజలా మెట్ల మీదికి రాలాయి. జనం తొక్కుకుంటూ వెళ్తున్నారు. అమ్మ నోట మాట లేదు.

అప్పుడు మా వెనక నుంచి ఒకావిడ వచ్చి మెట్టుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. అప్పుడే గుండు చేయించుకుని గంధం రాసుకుంది, నుదుట కుంకుమ బొట్టు. "ఆగండయ్యా! పెద్దమ్మ జపమాల తెగింది. తొక్కారంటే ఊరుకోను" అని గట్టిగా అరిచింది. నిజంగానే ఆగారు. ఆవిడ అలా అడ్డం నిలబడి ఉండగా మేం ముగ్గురం మోకాళ్ల మీద ఏరుకున్నాం. సిలువ ఆవిడ కాలి దగ్గరే దొరికితే తీసి కళ్లకద్దుకుని అమ్మ చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, నీ మోకాలి కింద ఒకటుంది."

తమ్ముడి గొంతు. నాలుగేళ్ల తర్వాత. అన్నయ్య మోకాలు జరిపి గింజ తీశాడు, తన జేబులో వేసుకోకుండా తమ్ముడి దోసిట్లో వేశాడు. ఇద్దరూ తల ఎత్తలేదు. అన్నయ్య భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది.

ఖమ్మం నుంచి వచ్చిందట ఆవిడ. కూతురి కాన్పు మొక్కు. పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

మాత స్వరూపం ఉన్న గుహ ముందు మాకు దొరికింది ఎంతసేపని, రెండు మూడు నిమిషాలు కూడా ఉండదు. తెల్లటి వస్త్రం, నడుముకి నీలి పట్టీ, చేతులు జోడించుకున్న మాత. వెయ్యి కొవ్వొత్తుల వేడికి ఆ ముఖం ముందు గాలి వణుకుతుంటే నాకు ఆమె ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపించింది. ఏదేదో అడగాలనుకుని వెళ్లాను. ఒక్క మాటా రాలేదు, కన్నీళ్లే వచ్చాయి. అమ్మ మాత్రం కొడుకులిద్దరి చేతులూ కలిపి కొబ్బరికాయ పట్టించి, "తెచ్చాను తల్లీ" అంది. అంతే.

కొండ పైన సిలువ దాకా అమ్మ ఎక్కలేనంది. "మీరిద్దరూ వెళ్లి రండి" అంది వాళ్లతో. వెళ్లారు. గంటన్నర పట్టింది. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు.

తిరుగు ప్రయాణంలో ఒకే కారు. తమ్ముడి కారు వాళ్లబ్బాయి తెచ్చాడు. ఆ రాత్రి పాత ఇంట్లోనే అందరం దిగాం. గింజలు లెక్కపెడితే ఏడు తక్కువ వచ్చాయి. తమ్ముడు గేలం దారం తెచ్చి గుచ్చుతుంటే అన్నయ్య ఫోన్ లైటు పట్టుకున్నాడు. పోయిన గింజల చోట నాన్న వేసినట్టే ముడులు వేయమంది అమ్మ. తర్వాత అటక మీది చాప దింపి దులిపాం. నాన్న చోట అన్నయ్య మోకరించి పరలోక జపం అందుకున్నాడు. మూడో రహస్యం దగ్గర తమ్ముడి మనవరాలు నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. నేను గిల్లలేదు.