మా అంబాసిడర్ ఇగ్నిషన్ స్విచ్ వైరింగ్ – నా అనుభవం

మాది మార్క్ 4 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ బండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యేది, అరగంట తిరిగాక మిస్సింగ్ (ఇంజన్ మధ్యమధ్యలో తడబడటం) మొదలై ఆగిపోయేది, బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే మళ్ళీ ఏమీ జరగనట్టే స్టార్ట్ అయ్యేది. ఇలా చేస్తే ఎవరైనా కాయిల్‌నే (స్పార్క్ ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజ్ పుట్టించేది) అనుమానిస్తారు, విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ కూడా కాయిల్, పాయింట్లు (ఇంజన్ తిరిగేకొద్దీ కలిసి విడిపోతూ కాయిల్ కరెంటుని కలిపి తెంపే కాంటాక్టులు), వాటి దగ్గర నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్ అన్నీ మార్చి చూశాడు, అయినా అదే వరస. చివరికి ఆయనే "తాళం దగ్గర చూద్దాం బాబూ, కరెంటు మధ్యలో ఎక్కడో తినేస్తోంది" అన్నాడు.

ఈ బండ్ల వైరింగ్ లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిలో ఉంటుంది కాబట్టి రంగులు తెలిస్తే సగం పని అయినట్టే. బ్రౌన్ వైరు బ్యాటరీ నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మోటర్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), కటౌట్ (చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) మీదుగా తాళం స్విచ్‌కి వస్తుంది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. తాళం తిప్పగానే అది తెల్ల వైరులోకి పోతుంది, ఆ తెల్ల వైరు ఒకటి నేరుగా కాయిల్‌కి, ఇంకోటి ఫ్యూజ్ బాక్సుకి. ఫ్యూజు దాటాక అదే ఆకుపచ్చ అయి వైపర్‌కి, పెట్రోల్ గేజ్‌కి వెళ్తుంది. సెల్ఫ్‌కి వెళ్ళేది తెలుపు మీద ఎర్ర గీత. సెల్ఫ్ మోటర్ లాగే వంద ఆంపియర్ల పైన కరెంటు స్విచ్ గుండా పోదు, స్విచ్ సోలినాయిడ్‌ని లేపుతుంది అంతే. హెడ్‌లైట్లు కూడా స్విచ్‌తో సంబంధం లేకుండా బ్రౌన్ నుంచే తీసుకుంటాయి, అందుకే తాళం తీసేసినా వెలుగుతాయి.

అసలు విషయం మీటర్ పెట్టినప్పుడు బయటపడింది, నాకు ఇది చాలా నచ్చింది. పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్ తీసి, పాయింట్లు విడిపోయి ఉన్నప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర చూస్తే 12.3 వోల్టులు, బ్యాటరీతో సమానం, అంతా బాగున్నట్టే. హ్యాండిల్‌తో ఇంజన్ కొంచెం తిప్పి పాయింట్లు కలిసేలా పెట్టగానే అదే చోట 8 వోల్టులకి పడిపోయింది! కాయిల్ సుమారు 3 ఓమ్స్, పాయింట్లు కలిస్తేనే కదా అందులో కరెంటు పారేది, పారినప్పుడే స్విచ్ లోపలి లోపం తెలుస్తుంది. స్విచ్ మీద బ్రౌన్‌కి, తెలుపుకి మధ్య మీటర్ పెడితే దాదాపు 4 వోల్టులు అక్కడే పోతున్నాయి, మంచి స్విచ్ అయితే అర వోల్టు కూడా పోకూడదు. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసినా వెలుగుతూనే ఉంది, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. పాయింట్లు కలిపి తాళం ఆన్‌లో ఎక్కువసేపు ఉంచకండి, కాయిల్ కాలిపోతుంది.

ఖాయం చేసుకోవడానికి బ్యాటరీ నుంచి కాయిల్ ప్లస్‌కి ఫ్యూజు ఉన్న జంపర్ వైరు కలిపి తిప్పితే ఎంతసేపైనా మిస్సింగ్ లేదు (ఇలా నడిపితే తాళం తీసినా ఇంజన్ ఆగదు, జంపర్ పీకాల్సిందే). స్విచ్ విప్పితే ఇత్తడి కాంటాక్ట్ నల్లగా గుంటలు పడి ఉంది, దాని కింద ఫైబర్ ప్లేట్ వేడికి గోధుమరంగు తిరిగింది. కారణం కూడా అక్కడే కనిపించింది, మాకంటే ముందు ఎవరో ఫాగ్ ల్యాంపులు, పాటల సెట్టు అన్నీ తెల్ల వైరుకే చుట్టి టేపు వేశారు, ఆ లోడంతా ఆ చిన్న కాంటాక్ట్ మీదే పడింది. వేడెక్కిన కొద్దీ అడ్డు పెరిగి, చల్లారితే తగ్గేది.

కొత్త స్విచ్ వేశాం, అదనంగా తగిలించినవన్నీ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) మీదకి మార్చాం. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి: బ్యాటరీ నుంచి ఫ్యూజుతో 30కి, 87 నుంచి ల్యాంపులకి, 85 ఎర్త్‌కి, స్విచ్ నుంచి 86కి ఒక సన్న వైరు. మీరూ చేసుకునేటట్టయితే ముందు బ్యాటరీ టెర్మినల్ తప్పకుండా విప్పండి, బ్రౌన్ వైరుకి ఫ్యూజు లేదు, బాడీకి తగిలితే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం కాలుతుంది. ఇప్పుడు పాయింట్లు కలిసి ఉన్నా కాయిల్ దగ్గర 12 చూపిస్తోంది, ఏలూరు దాకా వెళ్ళొచ్చినా ఒక్క మిస్సింగ్ కూడా లేదు.