ఎగువ అహోబిలం దారిలో వాకీటాకీలు

వాకీటాకీల పెట్టె మీద ‘10 కిలోమీటర్లు’ అని పెద్దక్షరాలతో అచ్చేశారు. ఎగువ అహోబిలం గుడి దగ్గర పెద్దవాళ్లను కూర్చోబెట్టి, భవనాశిని వాగు పక్కగా జ్వాలా నరసింహస్వామి దారి పట్టి కొండ మలుపు తిరిగామో లేదో, వాకీటాకీలో గరగర తప్ప మాట లేదు. ఇవే సెట్లు హైదరాబాదులో మేడ మీది నుంచి మేడ మీదికి చక్కగా పలికాయి. ఒళ్లు మండదా మరి!

తప్పు సెట్టుది కాదు, పెట్టె మీద రాసినవాడిది. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే 446.0–446.2 మెగాహెర్ట్జ్ సెట్ల బలం అర వాటు. ఎదురుగా అడ్డు లేకపోతే కిలోమీటర్ల దూరం వినిపిస్తాయి, రాతి కొండ అడ్డొస్తే అక్కడితో సరి. 5 వాట్ల సెట్టు తెచ్చినా ఈ కొండను దాటడం కష్టమే, పైగా దానికి లైసెన్సు కావాలి. ఆన్‌లైన్లో అలాంటివీ కలిపే అమ్ముతుంటారు. ఫ్రీక్వెన్సీ, ఈటీఏ (ఆ రకం పరికరానికి ప్రభుత్వమిచ్చే ఆమోదం) రెండూ చూసి కొనాలి.

ఈ లోయలో పనిచేసే ఉపాయం మధ్యలో ఒక మనిషిని నిలపడం. కింది గుడివైపూ, పైదారివైపూ తెరపి ఉన్న మలుపులో ఒకరు ఆగి అటు మాట ఇటు అందించాలి. ఉగ్రస్తంభం శిఖరం ఎక్కేవాళ్లుంటే ఇది తప్పదు. అంటే మూడో సెట్టు కావాలి. అమ్మేదేమో జతలుగా! రెండో జతకూ డబ్బు పోయాల్సిందే.

సెట్టు నడుముకు వేలాడుతుంటే మన ఒళ్లే సిగ్నల్‌ను మింగుతుంది. చేతిలోకి తీసుకుని, యాంటెన్నా నిటారుగా ఉంచి, నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోవాలి. బటన్ నొక్కిన వెంటనే మొదలుపెడితే మొదటి మాట తెగుతుంది, ఒక్క క్షణం ఆగాలి. మాట పూర్తిగా అయ్యాకే వేలు తీయాలి. లేకపోతే ‘దిగి రావద్దు’లో ‘వద్దు’ గాలికి పోతుంది.

వానల తర్వాత జ్వాల దగ్గర నీటి హోరులో అరిస్తే మాట ఇంకా పగులుతుంది. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి మామూలు గొంతుతోనే మాట్లాడాలి. గొంతు వినగానే దానంతటదే ప్రసారం మొదలుపెట్టే ‘వోక్స్’ను ముందే ఆపెయ్యాలి. హోరునే మాట అనుకుని సెట్టు ఛానల్ పట్టుకుని కూర్చుంటుంది. అంతసేపూ అవతలివాళ్లు ఎంత పిలిచినా మనకు వినపడదు.

ఛానల్ ఒకటే అయినా లైటు వెలిగి మాట రాకపోతే కోడ్ (అదే కోడ్ పెట్టిన సెట్ల మాటే వినిపించే అంకె) తేడా ఉన్నట్టు. బయల్దేరేముందే అన్నిట్లోనూ ఛానల్, కోడ్ సరిచూసి, తాళం మీట వెయ్యాలి. జేబులో నలిగి ఛానల్ మారడం మామూలే. కోడ్ పెట్టామని ఇంటి గుట్లు మాట్లాడకండి. అది మనకు పరాయి మాటలు వినపడకుండా చేస్తుందే తప్ప, మన మాటలు పరాయివాళ్లకు వినపడకుండా ఆపదు.

బ్యాటరీ గంటల లెక్క కూడా పెట్టెవాడి లెక్కే. నూటికి తొంభై వంతులు ఊరికే ఆన్‌లో ఉంచి, అయిదు వంతులు విని, అయిదు వంతులే మాట్లాడితే వచ్చే గంటలవి. మెట్ల మీద పిల్లల కబుర్లకు అది సరిపోదు. ప్రసారానికే కరెంటు ఎక్కువ పోతుంది, అందుకే నీరసించిన సెల్లు వినేంతవరకు బాగానే ఉండి, బటన్ నొక్కగానే సెట్టును ఆర్పేస్తుంది. అరగంటకోసారి పిలుచుకుందామని ముందే ఒప్పుకుని, మధ్య మనిషి దగ్గర ఒక జత సెల్లు అదనంగా ఉంచితే చాలు.