ట్రాన్సాక్షన్ లోపల మరో ట్రాన్సాక్షన్

కొన్నేళ్ల క్రితం మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడిచే ఒక బిల్లింగ్ అప్లికేషన్‌లో, నేను రాసిన కోడ్ వల్ల, స్టాకు తగ్గి బిల్లు మాత్రం లేని ఆర్డర్లు కొన్ని మిగిలిపోయాయి. ఆర్డర్ ఫంక్షన్ ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదన్న మార్పుల కట్ట) మొదలుపెట్టి, స్టాకు తగ్గించి, ఆ తరువాత బిల్లు రాసే ఫంక్షన్‌ను పిలిచేది. బిల్లు ఫంక్షన్‌ను విడిగానూ వాడుతున్నందున అందులో కూడా స్టార్ట్ ట్రాన్సాక్షన్ రాశాను. బిల్లు దగ్గర ఎర్రర్ వస్తే రెండు పనులూ కలిసే రద్దవుతాయని నమ్మాను. కానీ ఒక ట్రాన్సాక్షన్ నడుస్తుండగా మళ్లీ స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఇస్తే, మైఎస్‌క్యూఎల్ అప్పటిదాకా జరిగిన పనిని చెప్పాపెట్టకుండా కమిట్ చేసి, అంటే ఖాయం చేసి, కొత్తదాన్ని మొదలుపెడుతుంది. మార్పులను రద్దుచేసే నా రోల్‌బ్యాక్‌కు అందింది బిల్లు ఒక్కటే.

ఇదే కోడ్‌కు పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో రెండో బిగిన్ (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే ఆదేశం) దగ్గర ఒక హెచ్చరిక వస్తుందంతే. ఆపై లోపలి ఫంక్షన్ ఇచ్చే కమిట్ బయటి ట్రాన్సాక్షన్‌నే ముగించేస్తుంది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ బిగిన్‌లను లెక్కపెట్టుకుంటుంది. అక్కడ లోపలి కమిట్ ఆ లెక్కను ఒకటి తగ్గిస్తుంది తప్ప దేన్నీ ఖాయం చేయదు. లోపలి రోల్‌బ్యాక్ మాత్రం మొత్తం పనిని రద్దుచేసి లెక్కను సున్నాకు తెస్తుంది.

కొంత భాగాన్నే వెనక్కి తీసుకోవాలంటే సేవ్‌పాయింట్, అంటే ట్రాన్సాక్షన్ మధ్యలో మళ్లీ వెనక్కి రాగలిగే గుర్తు, వాడాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ ఒక్క స్టేట్‌మెంట్ విఫలమైనా, రోల్‌బ్యాక్ ఇచ్చేదాకా తరువాతి క్వెరీలన్నీ తిరస్కరణకు గురవుతాయి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ట్రాన్సాక్షన్ హద్దులను గీసే అటామిక్ బ్లాకులను ఒకదానిలో ఒకటి పెడితే, అన్నిటికంటే బయటిది అసలు ట్రాన్సాక్షన్ అవుతుంది, లోపలివి సేవ్‌పాయింట్లు అవుతాయి. డేటాబేస్ ఎర్రర్‌ను ఆ లోపలి బ్లాకు బయట పట్టుకోవాలి. లోపలే పట్టుకుంటే పొరపాటు జరిగిందని జాంగోకు తెలియదు, సేవ్‌పాయింట్‌కు వెనక్కి వెళ్లే అవకాశం పోతుంది. అలాగని వేల వరుసల లూప్‌లో ప్రతి వరుసకూ ఒక సేవ్‌పాయింట్ పెట్టడాన్ని నేను సమర్థించను. పోస్ట్‌గ్రెస్ ఒక్కో సెషన్‌కు 64 ఉప ట్రాన్సాక్షన్ల (సేవ్‌పాయింట్ పెడితే మొదలయ్యేది ఇదే) వివరాలనే షేర్డ్ మెమరీలో సిద్ధంగా ఉంచుకుంటుంది. అవి దాటితే, రద్దీ ఉన్న సర్వర్‌లో ఇతర సెషన్లూ నెమ్మదించవచ్చు.

సేవ్‌పాయింట్ దాటినంత మాత్రాన పని ఖాయమైనట్టు కాదు. బయటిది రద్దయితే అదీ పోతుంది. ఏమైనా సరే మిగలాల్సిన ఆడిట్ లాగ్‌కు (ఎవరు ఏం చేశారో రాసి ఉంచే చిట్టాకు) వేరే ట్రాన్సాక్షన్ కావాలి. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లోని రిక్వైర్స్ న్యూ అనే సెట్టింగ్ అందుకే ఉంది. కానీ అది సాధారణంగా రెండో కనెక్షన్ తీసుకుంటుంది కాబట్టి, బయటిది లాక్ చేసిన వరుసనే లోపలిదీ మార్చబోతే తన లాక్ కోసం తానే ఎదురుచూస్తూ ఆగిపోతుంది.

చివరికి బిల్లు ఫంక్షన్ నుంచి బిగిన్, కమిట్ రెండూ తీసేశాను. విడిగా వాడే చోట ట్రాన్సాక్షన్ తెరిచే చిన్న ఫంక్షన్ ఒకటి దానికి పైన పెట్టాను. ఇప్పుడు జాంగోలో రాసేటప్పుడు, బయటి సరిహద్దుగానే ఉండాల్సిన బ్లాకులకు 3.2లో వచ్చిన డ్యూరబుల్ ఆప్షన్ ఇస్తున్నాను. ఎవరైనా దాన్ని మరో అటామిక్ బ్లాకులో పెట్టి పిలిస్తే, అక్కడికక్కడే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది.