న్యూయార్క్ కంటే ముందు షికాగోలో

2023 డిసెంబరు, శనివారం. నేపర్‌విల్‌లో రైలెక్కి షికాగో యూనియన్ స్టేషన్‌లో దిగేసరికి నది మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారిపోయాయి. మన్రో వీధిలో ఉన్న సీఐబీసీ థియేటర్‌ దాకా నడుద్దామన్నది నేనే. దారి పొడవునా మా అమ్మాయి సణుగుతూనే ఉంది.

మేం చూడబోయేది ‘బూప్!’ అనే పాటల నాటకం. 1930లో పుట్టిన కార్టూన్ బొమ్మ బెట్టీ బూప్ తన నలుపు తెలుపు లోకం వదిలి ఇప్పటి న్యూయార్క్‌లో వచ్చి పడే కథ. న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వేకి తీసుకెళ్లే ముందు ఇక్కడ ఐదు వారాలు ఆడించి చూసుకుంటున్నారు, జనం ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ కుర్చీల్లో కదులుతున్నారు అని. పరిషత్తు పోటీకి వెళ్లే ముందు మా మావయ్య వాళ్లు పక్కూరి రామాలయం దగ్గర నాటకం వేసి చూసుకునేవారు. పని అదే, ఖర్చులోనే తేడా.

1906 నాటి హాలు. మా సీట్లు పై బాల్కనీలో, కిందికి చూస్తే కళ్లు తిరిగేంత ఎత్తులో ఉన్నాయి. పక్క సీటు పెద్దావిడ 2012లో ‘కింకీ బూట్స్’ కూడా న్యూయార్క్ వెళ్లకముందే ఈ హాల్లోనే చూశారట. దాని దర్శకుడు జెర్రీ మిచెలే దీనికీ. “ఇవాళ విన్న పాట అక్కడ ఉండకపోవచ్చు, శ్రద్ధగా విను” అన్నారు మా అమ్మాయితో. ఆ మాటతో నాకు లేనిపోని టెన్షన్. నేను నవ్వకపోతే పాపం ఆ జోకు తీసేస్తారేమో!

మొదటి సగం కాస్త సాగింది. బెట్టీగా జాస్మిన్ ఏమీ రోజర్స్ ఉన్నంతసేపూ అది గుర్తు రాలేదు. రెండో సగం మొదట్లోనే అసలు మాయ. డాన్సర్ల బట్టలు ఒకవైపు నలుపు తెలుపు, రెండోవైపు రంగులు. అందరూ ఒక్క తాళానికి గిర్రున తిరిగితే చాలు, స్టేజీ మీద ఊరే మారిపోతుంది. మళ్లీ తిరిగితే మళ్లీ పాత లోకం. లైట్ల మహిమ అనుకున్నాను. కాదు, దర్జీ పనితనం.

తిరుగు రైల్లో ఏ పాట తీసేయాలో తేలక నేపర్‌విల్ వచ్చేదాకా వాదించుకున్నాం. “నాన్నా, న్యూయార్క్ వెళ్లి చూద్దాం, ఎవరు గెలిచారో” అంది.

2025 ఏప్రిల్‌లో ‘బూప్!’ న్యూయార్క్‌లోని బ్రాడ్‌హర్స్ట్ థియేటర్‌లో మొదలైంది. రోజర్స్‌కి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు నామినేషన్ కూడా వచ్చింది. మేం ఆగస్టులో వెళ్దామనుకున్నాం. జులై 13నే ఆట ఆగిపోయింది.